బుడగలో లేని మాట

నేను ఏడో తరగతిలో బడి మానేశాను. మానేశాను అనడం నా పరువు కోసం రాస్తున్న మాట. లెక్కల సారూ నేనూ ఒకరినొకరు ఓర్చుకోలేక విడిపోయాం. ఆయన బడిలోనే ఉండిపోయాడు, నేను మా అన్న మగ్గం దగ్గరికి వచ్చి పడ్డాను.

వరంగల్‌లో జంపఖానాలు నేసే వాడ మాది. అన్నా వదినా మగ్గం గుంటలో పక్కపక్కన కూర్చుని నేసేవాళ్లు. పంజా అనే ఇనుప దువ్వెనతో పోగుల్ని దిగగొట్టే చప్పుడు పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా ఆగేది కాదు. వాళ్లకు ఎదురుగా కూర్చుని రంగు నూలును కండెలకు చుట్టడం నా పని. ఆ పనికి చేతులు చాలు, నోరు ఖాళీగా ఉంటుంది. నా నోరు ఖాళీగా ఉండటం ఎవరికీ మంచిది కాదని వాడంతా ఒప్పుకున్న సంగతి.

డెబ్బైల చివర ఒక వారపత్రికలో బొమ్మల సీరియల్ వచ్చేది. వారానికి రెండు పేజీలు, పేజీకి ఆరు గళ్లు, గడికో బొమ్మ. మనుషుల నోటి పక్కన బుడగ గీసి, వాళ్ల మాటలు అందులో రాసేవారు. కథ పడవ నడిపే ఒక పిల్లది. కోట మీద పెత్తనం చేసే చెవి తెగిన కిల్లేదారు ఒకడు ఆమె తండ్రిని అందులో బంధించాడు. ఆమెకు ఆపద వచ్చినప్పుడల్లా ముసుగు మనిషి ఒకడు గుర్రం మీద వచ్చి కాపాడి, ఆమెతో ఒక్క మాటైనా మాట్లాడకుండా వెళ్లిపోయేవాడు. ఆ ముసుగులో ఉన్నది ఎవరన్నది ఏడాదిన్నర పాటు మా ప్రాణం తీసిన ప్రశ్న.

హనుమకొండ చౌరస్తా దగ్గర పుస్తకాలు అద్దెకిచ్చే దుకాణం ఒకటి ఉండేది. శుక్రవారం పత్రిక దిగేది. నేను సైకిల్ మీద పోయి, దుకాణం తలుపు తెరవకముందే దాని ముందు నిలబడేవాణ్ణి. ఇంటికి పోయేదాకా తెరిచి చూడనని ప్రతి వారం ఒట్టు పెట్టుకునేవాణ్ణి. ప్రతి వారం సగం దారిలో పంచర్ దుకాణం ముందు ఆగి, గాలి కొట్టించుకునే నెపంతో పన్నెండు గళ్లూ చదివేసేవాణ్ణి. ఆ పంచర్లు వేసే ఆయన చివరికి, నీ టైరు పగిలితే నా పూచీ కాదు, ఊరికే కూర్చుని చదువుకో అన్నాడు.

ఆ పిచ్చి లేనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. శుక్రవారం చదివిన పన్నెండు గళ్లను మళ్లీ గురువారం దాకా నెమరు వేసేవాణ్ణి. పడవ పిల్ల చేతిలోంచి తెడ్డు జారిపోయిన వారం నాకు అన్నం సయించలేదు. కోట గోడ మీద దీపం ఎవరు ఆర్పారని అన్నతో పందెం కట్టి ఓడిపోయి, వారం పాటు ఆయన వంతు నీళ్లు కూడా నేనే మోశాను. పత్రికకు కార్డులు రాసేవాణ్ణి. మీ చిత్రకారుడికి గుర్రం వెనక కాళ్లు గీయడం రాదనీ, అందుకే దాన్ని ప్రతిసారీ పొద చాటున నిలబెడుతున్నాడనీ రాశాను. పడవ పిల్ల ఆరు నెలలుగా ఒకటే చీర కట్టుకుంటున్నది, మా వాడ తరఫున ఇంకొకటి పంపించమంటారా అని రాశాను. ఒక్క కార్డూ అచ్చు కాలేదు. కానీ ఆ తర్వాత ఒక వారం గుర్రం పొద బయటికి వచ్చి నాలుగు కాళ్ల మీద నిలబడింది. అది నా కార్డు మహిమేనని వాడంతా చాటాను. నమ్మినవాళ్లు లేరు, నవ్వినవాళ్లు ఉన్నారు. నాకు అది చాలు.

శుక్రవారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక సభ మొదలయ్యేది. వదిన గుంటలోంచి పైకి వచ్చి నా పక్కన కూర్చునేది. పక్కింటి అవ్వ తన రాట్నం ఎత్తుకుని మా ఇంట్లోకే వచ్చేది. అన్న తనకు ఈ పిల్లచేష్టలు పట్టవన్నట్టు గుంటలోనే ఉండి నేస్తుండేవాడు గానీ, కథ బిగువు మీదికి వచ్చినప్పుడు పంజా చప్పుడు ఆగిపోయేది. ముగ్గురిలో ఎవరికీ చదువు రాదు. అన్నకు సంతకం పెట్టడం మాత్రం వచ్చు. బొమ్మలు అందరూ చూస్తారు, బుడగల్లోని మాటలు నేను చదవాలి. ఏడో తరగతి తప్పినవాడికి జన్మలో దొరికిన ఒకే ఒక్క కుర్చీ అది.

ఆ కుర్చీలో కూర్చుని నేను చేసిన పని చెబుతాను.

కథ ఒక దశలో నత్త మీదెక్కింది. ముసుగు మనిషి మూడు వారాల పాటు గుర్రం ఎక్కుతూనే ఉన్నాడు. మొదటి వారం రికాబులో కాలు పెట్టాడు, రెండో వారం రెండో కాలు లేపాడు, మూడో వారం వెనక్కి తిరిగి చూశాడు. ఆ మూడో వారం మొత్తానికి ఒకే ఒక్క బుడగ, అందులో ‘ఎవరది’ అన్న ఒక్క ముక్క. వదినా అవ్వా నా నోటి వైపు చూస్తున్నారు. ఒక్క ముక్క చదివి పత్రిక మూసేస్తే ఆ శుక్రవారం ఏం కావాలి. ఎవరది, నా గుర్రానికి గడ్డి వెయ్యకుండా మధ్యాహ్నం దాకా మగ్గం గుంటలో నిద్రపోతున్నది ఎవరది అని చదివాను. నడుమ నేనేం జేసిన అని అన్న గుంటలోంచి అడిగాడు. అవ్వ రాట్నం వదిలేసి నవ్వింది.

ఇక ఆగలేదు. మరుసటి వారం కిల్లేదారు నోట్లో అవ్వ తిట్లు పెట్టాను. తన తిట్లు అచ్చులో వచ్చాయని అవ్వ మురిసిపోయింది. కొన్నాళ్లకు తమాషా కథలోకి దిగింది. పడవ పిల్లకు చిన్నప్పుడు వరదలో కొట్టుకుపోయిన అన్న ఒకడున్నాడనీ, ముసుగులో ఉన్నది వాడేననీ నేను సూచనలు మొదలుపెట్టాను. పత్రికలో అటువంటి అన్న ఎక్కడా లేడు. నేను పుట్టించాను. బొమ్మలు వాళ్లవి, మాటలు నావి. నాకు అబద్ధాలు చెప్పే అలవాటుందని వాడంతా ఎరుగును గానీ, అచ్చు కాగితం ఎదురుగా పెట్టుకుని కూడా చెబుతానని ఎవరికీ తట్టలేదు. అచ్చుకు వాళ్లిచ్చే మర్యాద అంత పెద్దది. ఆ మర్యాదను నేను తిన్నాను.

ఇప్పుడు వదిన సంగతి చెప్పాలి. మా వాడలో పేరున్న చెయ్యి ఆమెది. భజన మండలికో, కులసంఘానికో ఎవరైనా జంపఖానా ఇస్తే దాని మీద ఇచ్చినవాళ్ల పేరు నేయించడం ఆనవాయితీ. పేరు కాగితం మీద రాసి ఇస్తారు. వదిన ఆ కాగితాన్ని ఎదురుగా పెట్టుకుని, ఒక్కో అక్షరానికీ ఎన్ని పోగులు ఎత్తాలో, ఎన్ని దించాలో లెక్కపెట్టుకుని నేసేది. చదవడం రాదు. ఆమెకు అక్షరం అంటే పువ్వు వంటిది, నెమలి వంటిది, ఒక ఆకారం. అయినా ఆమె నేసిన అక్షరం అచ్చులో అక్షరం కంటే తీరుగా ఉండేది.

ఒకసారి తొర్రూరు వైపు ఒక ఊరి నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చి పెద్ద జంపఖానా నేయమని కాగితం ఇచ్చి పోయారు. ఆ కాగితం రాసినాయన నడుమ ఒక అక్షరం తప్పు రాసి, దాని మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన సరైనది రాశాడు. వదిన అది కూడా నేసింది. తప్పు అక్షరాన్ని, దాని మీది కొట్టివేత గీతను, గీత చివర కలం కొద్దిగా వణికిన వంకరతో సహా, ఎర్రనూలుతో ముచ్చటగా నేసింది. పెద్దమనుషులు వచ్చి విప్పి చూశారు. ఒకాయన చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. అన్న జానెడు నేత విప్పి మళ్లీ నేసి ఇచ్చాడు. నేను ఆ సంగతిని ఆరు నెలలు బతికించాను. వదిన కూరలో ఉప్పు ఎక్కువైతే, దీని మీద గీత కొట్టి పక్కన ఇంకో కూర వెయ్యి వదినా అనేవాణ్ణి. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు ఎలా ఉండేదో అప్పుడు నేను చూడలేదు.

నేత పని పంచే మా నేతవాళ్ల సంఘం మాత్రం ఆ తర్వాత పేర్ల జంపఖానాలు ఆమెకు ఇవ్వడం తగ్గించింది.

ఆ ఏడే సర్కారు వాళ్లు పెద్దవాళ్ల కోసం రాత్రి బడులు పెట్టారు. మా వాడలో ఆడవాళ్లకు సంఘం గదిలో, దీపాలు పెట్టే వేళకు. హనుమకొండ నుంచి ఒక పంతులమ్మ బస్సులో వచ్చేది. పలకలిచ్చారు, బొమ్మలున్న వాచకాలిచ్చారు. మొదటి రోజు పాతిక మంది పోయారు, నెల తిరిగేసరికి తొమ్మిది మంది మిగిలారు. ఆ తొమ్మిదిలో వదిన ఉంది. అక్షరాలు ఆమె చేతుల్లో ముందే ఉన్నాయి గదా, వాటి పేర్లు తెలియడమే తక్కువ. ఇది ‘మ’ అని పంతులమ్మ చెబితే, ఇన్నాళ్లూ తన ఇంట్లో తిరిగిన మనిషి పేరు ఇప్పుడు తెలిసినట్టు సంబరపడేది. మూడు నెలల్లో కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. పంతులమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. హనుమకొండలో ఆడపిల్లలకు నేత నేర్పే కేంద్రం తెరుస్తున్నారనీ, నేత బాగా వచ్చి, హాజరు పట్టీలో పేర్లు రాయగలిగిన ఆడమనిషి కావాలనీ, ఏడాది చివరికి నీ పేరు చెబుతాననీ.

వదిన ఆ మాట ఇంట్లో ఒక్కసారే చెప్పింది. మళ్లీ ఎత్తలేదు. కానీ ఆ తర్వాత నూలు పొట్లాల మీది కాగితాలు, గోడల మీద సినిమా పోస్టర్లు, అన్నీ పెదవులు కదుపుతూ చూసుకుంటూ నడిచేది. నాతో మాత్రం వేరే పందెం పెట్టుకుంది.

“ఇగ జూడు మర్దీ, ఉగాది వరకు నీ సీరియల్ నేనే చదువుకుంట. నీ మొఖం జూసే పని తప్పుతది.”

నేను నవ్వాను.  ఈమె చదవడం నేర్చుకుంటే నా అన్న ఏమవుతాడు. నేను పుట్టించినవాడు, ముసుగులోని అన్న. ఆ ఆలోచన వచ్చినప్పుడు కూడా కథ గురించే భయపడ్డాను గానీ ఆమె గురించి ఏమీ అనుకోలేదు. ఉగాది దూరం ఉంది గదా, అంతలోపు ఏదో ఒకటి చేసి అన్నను వరదలో వదిలేద్దాం అనుకున్నాను.

అప్పుడు ఆ రేవు బొమ్మ వచ్చింది. వెన్నెల్లో పడవ పిల్ల, ఎదురుగా గుర్రం దిగిన ముసుగు మనిషి. మొదటిసారి ఇద్దరూ మొహాలు ఎదురెదురుగా. పత్రికలో ఉన్నది ఇంతే: ఆమె ‘నువ్వెవరు’ అని అడుగుతుంది, అతను జవాబివ్వకుండా గుర్రం తిప్పుతాడు. ఏడాదిగా మేం కాచుకున్న చోట ఒక్క మాట, తర్వాత సశేషం. నాకు ఒళ్లు మండింది. అభిమానికి వచ్చే కోపం అది, కన్నవాళ్ల మీద కూడా అంత రాదు. సభలో నేను చదివింది వేరు. అన్నా, వరదలో నా చెయ్యి వదిలింది నువ్వేనా అని ఆమె అడిగింది. వదల్లేదు చెల్లే, నీళ్లు విడిపించినయి అని అతను చెప్పాడు. అవ్వ కొంగు కళ్లకు పెట్టుకుంది. గుంటలో పంజా చప్పుడు చాలాసేపు రాలేదు. నా బతుకులో అంత బాగా నేనెప్పుడూ చదవలేదు.

పత్రిక ఆ పూట ఇంట్లోనే ఉంది. మర్నాడు పొద్దున నేను దాన్ని తిరిగి ఇవ్వడానికి పోబోతుంటే, వదిన పత్రిక ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. రేవు బొమ్మ దగ్గర వేలు పెట్టింది. అవ్వ అప్పటికే రాట్నంతో దిగింది, అన్న గుంటలో ఉన్నాడు.

“మర్దీ, జర ఇటు రా. ఈడ నాకు ‘నువ్వెవరు’ అని వస్తాంది. గింతే ఉన్నది. నువ్వు నిన్న గంత చదివితివి గదా, అదంత ఏడ ఉన్నది?”

ఆమె అడిగిన తీరు నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. నన్ను పట్టుకుందామని అడగలేదు. తనకు రానిదేదో ఇంకా ఉన్నది, అది చెప్పమని అడిగింది. వేలు బుడగ మీదే ఉంది. గోరు చుట్టూ ఎర్రరంగు.

నిజం నాలుక మీదికి వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పుకోవాలి. వచ్చింది, వచ్చి అవ్వ మొహం చూసింది. గుంటలో చప్పుడు ఆగడం వింది. వెనక్కి పోయింది. ఏడాది పాటు వాళ్లను ఏడిపించి నవ్వించిన కుర్చీ ఒక్క మాటతో విరిగిపోతుంది. నేను తమాషా అందుకున్నాను. పెద్ద మాటలు చిన్న అక్షరాల్లో దాగి ఉంటాయి, మీ రాత్రి బడి ఇంకా అంత దూరం రాలేదు, అది ఏడో తరగతిలో చెబుతారు అన్నాను. అవ్వ ఫక్కున నవ్వింది. మూడు నెలల పలక పత్రికతోటి పోటీ పడుతుందా అన్నది. అన్న కూడా నవ్వాడు.

వదిన నవ్వలేదు.

“అయితె నేను చదివింది తప్పేనా?”

“తప్పే వదినె.”

ఆ ‘తప్పే’ నవ్వుతూనే అన్నాను. అంతే జరిగింది. కొట్టలేదు, తిట్టలేదు. ఆమె వేలు బుడగ మీద నుంచి తీసింది. పత్రిక మూసి, అట్ట మీద దుమ్ము ఉన్నట్టు ఒకసారి కొంగుతో తుడిచి నా చేతికిచ్చింది. హనుమకొండ పోయే దారిలో పంచర్ దుకాణం దగ్గర ఆ రోజు ఆగలేదు.

సోమవారం ఆమె రాత్రి బడికి పోలేదు. తలనొప్పి అన్నది. మంగళవారం నూలు ఆరలేదన్నది. ఆ వారం చివర చూస్తే ఆమె పలక నీళ్ల కుండ మీద మూతగా ఉంది.

పది రోజులకు పంతులమ్మ మా ఇంటికే వచ్చింది. గుమ్మంలో నిలబడి ఎందుకు రావడం లేదని అడిగింది. వదిన మగ్గం మీద నుంచి చూపు తీయకుండా జవాబు చెప్పింది.

“నా చేతులకు వచ్చినంత నా తలకాయకు వస్తలేదు మేడం. నేను తప్పు చదువుతున్న. నాకు ఎర్కైంది.”

తొమ్మిది మందిలో నువ్వే అందరికంటే బాగా చదువుతున్నావు అని పంతులమ్మ అన్నది. వదిన వినలేదు. ఎలా వింటుంది. పంతులమ్మ మర్యాదకు మెచ్చుకుంటున్నదనీ, మరిది ఇంటి మనిషి గనక నిజం చెప్పాడనీ అనుకుంది. పంతులమ్మ ఇక నా వైపు తిరిగింది. మీరు చదువుకున్నవాళ్లు, మీరైనా నచ్చజెప్పండి అన్నది. నన్ను చదువుకున్నవాడని ఎవరైనా అనడం అదే మొదలు. సరే మేడం, నేను చెప్త అన్నాను. ఆమె బస్సుకు పోయింది. నేను కండెలు చుట్టుకుంటూ కూర్చున్నాను. ఇవాళ చెబుదామనుకున్నాను, వదిన మూడీగా ఉంది. రేపు అనుకున్నాను, అవ్వ వచ్చి కూర్చుంది. తప్పు చెప్పుకోవడానికి మంచి రోజు చూస్తూ కూర్చున్నవాడికి క్యాలెండర్‌లో అన్నీ అమావాస్యలే కనబడతాయి.

ఆ వేసవి దాటాక పంతులమ్మను వేరే ఊరు పంపారు. రాత్రి బడి గదిలో సంఘం వాళ్లు నూలు బేళ్లు పెట్టుకున్నారు. హనుమకొండలో నేత నేర్పే కేంద్రం తెరిచారు. పక్క వాడ నుంచి ఒకామెను తీసుకున్నారు. మా వదినకు వచ్చినదాంట్లో సగం కూడా రాదు ఆమెకు నేత. పేరు రాయడం వచ్చు. ఆమె రోజూ పొద్దున మా ఇంటి ముందు నుంచే బస్సుకు పోయేది, చేతిలో టిఫిన్ డబ్బా. వదిన వాకిలి ఊడుస్తూ ఆమెను పలకరించేది. నేను ఆ టైముకు పెరట్లో పని పెట్టుకునేవాణ్ణి.

సీరియల్ ఇంకా నడుస్తూనే ఉంది. శుక్రవారం సభ జరుగుతూనే ఉంది. కానీ వదిన గుంటలోంచి పైకి రావడం మానేసింది. ఇంతకుముందు బొమ్మ చూడటానికి నా భుజం మీది నుంచి మెడ చాచేది. ఇప్పుడు కూర్చున్న చోటే వినేది. బొమ్మ చూడవా వదినా అని ఒకసారి అడిగాను. నువ్వు చదువుతానవు గదా, నేను సూసుడెందుకు అన్నది. మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

చివరికి ముసుగు తీసిన వారం వచ్చింది. ఏడాదిన్నర ఎదురుచూపు. పంచర్ దుకాణం ముందు నిలబడి పేజీ తిప్పాను. ముసుగు కింద తెల్లమీసాల ముసలాయన. కిల్లేదారు కోటకు పాత కాపలావాడట, పడవ పిల్ల తండ్రి ఉప్పు ఎప్పుడో తిని రుణపడ్డాడట. కథ మంచిదే. ఇంకో సమయమైతే, మొదటి గుర్రం బొమ్మలోనే ఆ మీసం కొస కనబడింది చూశారా అని వాడంతా తిరిగేవాణ్ణి. ఆ రోజు ముసలాయన మొహం చూస్తే నాకు దొంగతనం బయటపడినట్టయింది. నేను పుట్టించిన అన్నకు పాతికేళ్లకు మించి ఉండకూడదు.

సభలో బొమ్మ చూసి అవ్వ అడగనే అడిగింది, గింత ముసలోడు ఆ పిల్లకు అన్న ఎట్లయితడని. చెల్లెలి మీద బెంగతో జుట్టు తెల్లబడింది అవ్వా అన్నాను. అవ్వ కొంచెం ఆలోచించి, అవుతది అన్నది. అన్న నవ్వాడు. గుంటలో వదిన పోగులు ఎత్తుతూ ఉంది. ఆ నవ్వులో నేను కలవలేకపోయాను. ఆ తర్వాత ఆ పత్రిక తేవడం మానేశాను. దుకాణం దూరమైంది, సైకిల్ పాడైంది అని చెప్పాను. అవ్వ కొన్నాళ్లు నన్ను తిట్టింది. అచ్చులో వచ్చే తిట్లు కావు, అసలైనవి.

ఏళ్లు గడిచాయి. ఎనభైల నడుమ నేతవాళ్లకు గుర్తింపు కార్డులు ఇస్తామంటే వదినను తీసుకుని ఆఫీసుకు పోయాను. అన్నకు జ్వరం, అందుకని నేను పోయాను. గుమాస్తా కాగితం నింపి, సంతకం పెడతావా అని కూడా అడగకుండా సిరా మెత్త ఆమె ముందుకు జరిపాడు. వదిన కూడా, తనకు రాసిపెట్టి ఉన్నదన్నట్టు, బొటనవేలు అద్దింది. పక్కన సాక్షి కావాలన్నాడు. ‘వేలిముద్ర వేసిన ఈమెను నేనెరుగుదును’ అని అచ్చు వేసి ఉంది. దాని కింద నేను సంతకం పెట్టాలి. కలం తీసుకున్నాను. నా సంతకానికి రెండు వంకరలు, కింద ఒక గీత ఉంటాయి, సరదా కోసం పెట్టుకున్నవి. ఆ రోజు గీత గీయలేదు.

బయటికి వచ్చాక వదిన బొటనవేలి సిరా తలకు రుద్దుకుంది. బస్సు కోసం నిలబడ్డాం. నేను అప్పుడు మొదలుపెట్టాను. నీకొక సంగతి చెప్పాలె వదినె అన్నాను.

“చెప్పు. నవ్వొస్తే నవ్వుత.”

చెప్పాను. ముందు నుంచి చెప్పలేదు, రేవు బొమ్మ నుంచి చెప్పాను. ముసుగులో అన్న లేడని, వరద లేదని, ఆ పూట నువ్వు అడిగినప్పుడు నేను అన్నది అబద్ధమని. పంతులమ్మ వచ్చినప్పుడు కూడా చెప్పలేదని. చెబుతున్నంతసేపూ రోడ్డు వైపే చూశాను. మేం ఎక్కాల్సిన బస్సు వచ్చి ఆగి పోయింది. ఆమె ఎక్కలేదు, నేనూ ఎక్కలేదు.

“‘నువ్వెవరు’ అని ఉండెనా?” అని అడిగింది.

“అదే ఉండె.”

“ఇంకేం లేకుండెనా?”

“ఏం లేకుండె వదినె.”

ఆమె బొటనవేలు వైపు చూసుకుంది.

“అయితె నాకు వచ్చింది.”

ఆ మాట చెప్పినప్పుడు ఆమె మొహంలో వచ్చింది సంతోషమే. నేను తిట్లకు సిద్ధపడి ఉన్నాను. తిట్లైతే నాకు అలవాటు, ఎక్కడో ఒక చోట తమాషా దొరుకుతుంది, పట్టుకుని ఒడ్డెక్కుతాను.  ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. ఆమె లెక్క వేసుకుంటున్నట్టు కనిపించింది, ఒక్కో పోగూ ఎత్తి చూసుకున్నట్టు. రాత్రి బడి, పంతులమ్మ, పొద్దున బస్సుకు పోయే ఆమె చేతిలోని టిఫిన్ డబ్బా. ఆమె ఇవేవీ పైకి అనలేదు, నేను అనుకున్నాను.

రేపటి నుంచి నేను నేర్పుతా, మళ్లీ మొదటి నుంచి, సంక్రాంతి లోపల చదివేస్తావు అని ఏదేదో అన్నాను. తొందరగా అన్నాను.

“నువ్వొద్దు మర్దీ. నీ నోట్ల నుంచి వచ్చే అచ్చరం నాకొద్దు.”

కోపంగా అనలేదు. విస్తరిలో ఇంక చాలు అన్నట్టు అన్నది. తర్వాతి బస్సు ఎక్కాం. ఆమె ఆడవాళ్ల సీట్లో కూర్చుంది, నేను వెనక నిలబడ్డాను.

అన్నకు చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. అవ్వకు చెబుతుందనుకున్నాను, అదీ లేదు. వాడలో నేను ఎప్పటిలాగే అందరినీ నవ్వించేవాణ్ణి. వదిన ఉన్న చోట మాత్రం నా జోకు సగంలో చప్పబడేది. ఆమె ఏమీ అనకపోయినా చప్పబడేది.

నేను పత్రిక మానేశాక పుట్టిన అన్న కూతురు అప్పటికి రెండో తరగతి. ఆ ఏడు నేను వేరే ఇల్లు చూసుకుని పక్క సందులోకి మారాను. సాయంత్రం పూట కండెలు ఇవ్వడానికి వస్తే, తల్లీ కూతుళ్లు వాచకం ముందు పెట్టుకుని కూర్చుని ఉండేవాళ్లు. పిల్ల చదువుతుందో, తల్లి చదువుతుందో బయటికి వినబడేది కాదు. నేను గడప లోపల కాలు పెట్టగానే వదిన కొంగు తీసి పేజీ మీద కప్పేది. చాయ తాగుతవా అని అడిగేది. తాగుత అనేవాణ్ణి. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేవాణ్ణి. ఆమెకు చదవడం వచ్చిందా అని పిల్లనైనా ఒక్క మాట అడగవచ్చు. అడగలేదు.

కొన్నాళ్లకు వాకిట్లోనే దగ్గడం అలవాటు చేసుకున్నాను. ఆమె కొంగు సర్దుకునేంత సేపు, చెప్పులు విడిచే పని పెట్టుకుని బయటే నిలబడేవాణ్ణి.